రొట్టెల సంచి

మా కంప్యూటర్‌కు వయసైపోయిందని కంప్యూటరే చెప్పింది. ఒకరోజు పొద్దున్నే తెర నిండా నీలం పరిచి, ఇకమీదట మీ సిస్టమ్‌ను ఎవరూ పట్టించుకోరు, కొత్త సిస్టమ్‌కు మీ మిషను పనికిరాదు, వేరేది కొనుక్కోండి అని నోటీసు పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సముద్రం ఒడ్డునున్న సూస్ ఊరి నుంచి మహ్దియా ఊరికి రైలు నడిపినవాడిని నేను. ఇంజను నిక్షేపంలా నడుస్తూ ఉండగానే పాతదైపోయిందని షెడ్డులోకి తోసేవాళ్లను బోలెడంతమందిని చూశాను. చివరికి నన్నూ అలాగే తోశారు.

“కొనను. ఏం చేసుకుంటావో చేసుకో,” అన్నాను తెరతో.

“నీ అరుపులు దానికేం వినిపిస్తాయి షెద్లీ? పక్కింటివాళ్లకు వినిపిస్తాయి,” అంది మా ఆవిడ కమర్ వంటింట్లోంచి.

అసలు ఆ కంప్యూటర్ నాది కాదు, కమర్‌ది. మా అబ్బాయి పెళ్లయి వేరు కాపురం పెట్టినప్పుడు వదిలేసి వెళ్లాడు. వెళ్లేముందు వాళ్లమ్మకు అన్నీ ఓపిగ్గా నేర్పాడు. తెర మూలనున్న బుట్ట బొమ్మ చూపించి, ఇది చెత్తబుట్ట, కానీ ఇందులో వేసింది వెంటనే పోదమ్మా, ఇక్కడే ఉంటుంది, కావాలనుకుంటే మళ్లీ తీసుకోవచ్చు అని చెప్పాడు. “మళ్లీ తీసుకోగలిగితే చెత్తబుట్ట ఎలా అవుతుందిరా? రొట్టెల సంచి కదూ,” అంది కమర్. వాడు నవ్వి ఊరుకున్నాడు.

మేం రొట్టెను చెత్తలో వేయం. కింద పడితే తీసి ముద్దు పెట్టుకుని గోడ మీద పెడతాం. ఎండిపోయినవన్నీ ఒక సంచిలో వేసి వీధి గుమ్మం మేకుకు తగిలిస్తాం. మేకలున్నవాళ్లో, అవసరమున్నవాళ్లో వచ్చి పట్టుకుపోతారు. ఎవరూ రాకపోతే సంచి అలా వేలాడుతూనే ఉంటుంది. మా ఆవిడ ఆ కంప్యూటర్ సంచిలో ఏం వేసిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, నాలాగా మీరు కూడా తెల్లముఖం వేయనక్కరలేదు. తన చెల్లెలు దలీలాను వేసింది.

వాళ్లిద్దరికీ మాటల్లేక చాలా ఏళ్లయింది. కారణం వాళ్లమ్మ పెళ్లి అంగీ. పట్టు మీద నిండా జరీ పని, ఎత్తితే చేతులు లాగేసేంత బరువు. కమర్ దాన్ని మా వీధిలో ఒక పేదింటి పెళ్లికూతురికి ఎరువిచ్చింది. అది తిరిగొచ్చేలోపే దలీలా కూతురి పెళ్లి ముంచుకొచ్చింది. అమ్మమ్మ అంగీ ఉండగా అద్దె అంగీతో పిల్లను సాగనంపాల్సి వచ్చిందని దలీలా నలుగురిలో అక్కను కడిగేసింది. కమర్ కూడా తక్కువేమీ తినలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురైతే ఈవిడ అటు తిరిగేది, ఈవిడ ఎదురైతే ఆవిడ ఇటు తిరిగేది. ఉండేది మాత్రం రెండు వీధుల అవతలే.

అప్పుడే కమర్ కంప్యూటర్లో దలీలా ఉన్న ఫొటోలన్నీ ఏరి ఆ సంచిలో పడేసింది. వాటితో పాటు ఒక వీడియో కూడా. మేడ మీద అక్కచెల్లెళ్లిద్దరూ ఏడాదికి సరిపడా గోధుమరవ్వ కుస్‌కుసు చేస్తుంటారు. వాళ్లమ్మ పక్కన పీట వేసుకుని పాడుతూ ఉంటుంది. దలీలా దేనికో పడీ పడీ నవ్వుతుంది. ఆ తర్వాతి చలికాలానికి ఆ తల్లి లేదు. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క వీడియోలోనే.

ఇదంతా తెలియని నేను ఆ నోటీసు మీద కోపంతో సలూవా దగ్గరికి వెళ్లాను. సలూవా లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ప్రతి శనివారం యువజన కేంద్రంలో ఒక గది తెరిపించి, ఇలా వయసైపోయిందనిపించుకున్న కంప్యూటర్లకు లినక్స్ ఎక్కిస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరో రాసి ఊరికే పంచిపెట్టే సిస్టమట. కంప్యూటరంటే బెదిరేవాళ్లకు కూడా సులువుగా ఉంటుందట.

“ఊరికే ఎందుకిస్తారు? ఏదో మెలిక ఉంటుంది,” అన్నాను ఇంటికొచ్చి.

“మన గుమ్మానికి తగిలించిన రొట్టె ఎవరెవరో పట్టుకుపోతారు. నువ్వు వాళ్లకేం మెలిక పెట్టావు?” అంది కమర్. నా గాలి తీసేయడంలో ఆమెకు నలభై ఏళ్ల అనుభవం ఉంది.

శనివారం నేను కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి చంకనెత్తుకున్నాను. కమర్ కీబోర్డు పట్టుకుని వెనకాల నడిచింది.

సలూవాకు ఒక పట్టింపు ఉంది. మీటలేవీ తను నొక్కదు. కంప్యూటర్ ఎవరిదో వాళ్లే నొక్కాలి. “మీ కంప్యూటర్, మీ చెయ్యి ఖాల్తీ,” అంది. ఊళ్లో మాకన్నా చిన్నవాళ్లందరికీ కమర్ పిన్ని వరస, ఖాల్తీ. నేను బాబాయిని, అమ్ షెద్లీని. ముందుగా కమర్ ఫొటోలు, వంటకాలు, అల్లిక నమూనాలు అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించారు. సలూవా ఒక్కొక్కటీ తెరిపించి చూపించింది.

“అన్నీ వచ్చాయా, చూసుకోండి ఖాల్తీ. తర్వాత లేదంటే నేనేం చేయలేను.”

కమర్ అన్నీ చూసి తలూపింది. సంచి సంగతి అడగాలని ఆమెకు తోచలేదు. ఎప్పుడూ మూలన వేలాడే సంచి, అదెక్కడికి పోతుందనుకుంది.

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. డిస్కు మొత్తం చెరిపేసి కొత్త సిస్టమ్ ఎక్కించమంటారా అని.

“చెరిపేయడమంటే?” అంది కమర్.

“రంజాన్‌కు ముందు ఇల్లు కడిగి సున్నం వేస్తారే, అలాగ. సామానంతా బయట పెట్టేశాం కదా.”

ఆ మాట కమర్‌కు బాగా నచ్చింది. చూపుడువేలు చాచి నొక్కింది.

ఇంటికి తెచ్చి పెట్టాక చూస్తే మిషను పడుచుదైపోయింది. నేను టీ కాచుకుని తాగేసేంతసేపు పట్టే పని ఇప్పుడు కుర్చీ లాక్కునేలోపు అయిపోతోంది. అక్షరాలు పెద్దవి, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, ఏది ఎక్కడుందో నాకే అర్థమైంది. ఏదో ఒక వంక పెడదామని చూశాను గానీ దొరకలేదు. “నీకు కూడా ఇలాంటిదేదైనా ఎక్కించమని సలూవాను అడగాల్సింది,” అంది కమర్. నేను నవ్వుతూ ఉండగానే ఆమె మూలనున్న బుట్టను తెరిచింది.

“షెద్లీ, సంచి ఖాళీగా ఉంది.”

“ఏ సంచి?”

అప్పుడు చెప్పింది. దలీలా ఫొటోలు, అమ్మ పాట, అన్నీ. నువ్వు కాఫీ హోటల్‌కు వెళ్లినప్పుడల్లా తీసి చూసుకుని, మళ్లీ అందులోనే పెట్టేదాన్ని అంది. ఇన్నాళ్లూ నేను ఆమె వంటకాలు చదువుకుంటోందనుకున్నాను.

“నేను పారేయలేదు,” అంది. “అంత కోపంలో కూడా పారేయడానికి చేతులు రాలేదు. ఎప్పటికైనా వచ్చి తీసుకుంటుందని తగిలించి పెట్టాను. ఇప్పుడు అది వస్తే నేనేం చూపించను?”

ఆమె ఏడిస్తే నాకు చేతులూ కాళ్లూ ఆడవు. అందుకని సలూవాకు ఫోను చేసి నోటికొచ్చినట్టు అరిచాను. పాపం ఆ అమ్మాయి, అరవై దాటినా నాకు అమ్మాయే, చేస్తున్న వంట ఆపేసి పరుగెత్తుకొచ్చింది.

“చెత్తబుట్టలో ఎవరైనా దాచుకుంటారా ఖాల్తీ?” అంది ఆయాసపడుతూ.

“అది చెత్తబుట్ట కాదు,” అన్నాం నేనూ కమర్ ఒక్కసారే.

సలూవా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కమర్ సంచి సంగతి చెబితే కంప్యూటర్ ముందు కూర్చుంది. చెరిపేసినా అడుగున కొన్ని మిగిలి ఉంటాయి, వెతుకుతాను, అప్పటిదాకా కంప్యూటర్లో కొత్తవేవీ రాయకండి అంది. తన పట్టింపు పక్కన పెట్టి మధ్యాహ్నమంతా తనే వెతికింది. వీడియో దొరకలేదు. ఫొటోల్లో ఒక్కటి దొరికింది, అదీ సగం. దలీలా నుదురు, కళ్లు ఉన్నాయి. ముక్కు కింద నుంచి అంతా బూడిద రంగు.

“నోరు లేని దలీలాను ఇన్నాళ్లకు చూశాను,” అన్నాను.

సలూవా నా వైపు కొరకొరా చూసింది. కమర్ మాత్రం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్లకద్దుకుంది. “ఆ నోరే నాకు కావాలి షెద్లీ. దాని నవ్వు కావాలి, మా అమ్మ పాట కావాలి,” అంది.

“ఆ వీడియో ఇంకెవరి దగ్గరైనా ఉందా?” అని సలూవా అడిగింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తీసింది దలీలా కూతురే. దలీలా ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉంది, మా దాని ఈడుదే.

“నేను వెళ్లి అడుగుతాను,” అన్నాను.

“నువ్వెళితే రెండో పోట్లాట మొదలవుతుంది. కూర్చో,” అంది కమర్. లేచి చేతులు కడుక్కుని పిండి కలిపింది. మట్టి పొయ్యిలో తబూనా రొట్టెలు కాల్చి, వేడివేడిగా గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. నేను కొంచెం ఎడంగా వెనకాల నడిచాను.

దలీలా తలుపు తీసింది. తలుపు సగమే తీసి, అక్కను కింది నుంచి పై దాకా చూసింది.

“మదామ్ కమర్ దారి తప్పినట్టున్నారే,” అంది. చిన్నప్పటి నుంచి అక్కను లెల్లా అని తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగని మనిషి.

“దారి తప్పలేదు. ముందు ఈ రొట్టెలు పట్టుకో, చేతులు కాలుతున్నాయి.”

రొట్టె చేతికిస్తే వద్దనడం మా వాళ్లలో ఎవరివల్లా కాదు. దలీలా రెండు చేతులా అందుకుంది. అందుకున్నాక ఇక తలుపు వేయడానికి చెయ్యి ఖాళీ లేదు.

“ఏం కావాలి?” అంది.

“అమ్మ పాట. నా దగ్గర పోయింది.”

“పోయిందా, పారేశావా?”

“పోయింది.”

“నేను మాత్రం పారేశాను. పిల్ల పెళ్లయిన మర్నాడే. నువ్వున్నవన్నీ ఏరి మరీ చెత్తబుట్టలో వేశాను. అందులో అమ్మ పాట ఉంటే ఉండనీ అనుకున్నాను. విన్నావా?”

కమర్ మొహం పాలిపోయింది. నేను ముందుకు రాబోతే చేత్తోనే ఆపింది.

“తర్వాత దాన్ని ఖాళీ చేశావా?” అని అడిగింది మెల్లగా.

“దేన్ని?”

“ఆ బుట్టని. ఖాళీ చేయడానికి వేరే మీట ఉంటుంది. నొక్కావా?”

దలీలా రొట్టెల మూట వైపు చూపు దించుకుంది. “నాకవన్నీ ఎక్కడొచ్చు,” అంది.

కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఇంట్లో కూర్చునే కట్టేసే మనిషికి ఆ ఒక్క మీట తెలియదంటే నేను చచ్చినా నమ్మను. కానీ జన్మలో మొదటిసారి సమయానికి నోరు మూసుకున్నాను.

దలీలా కంప్యూటర్ తెర మీద కూడా అదే నీలం నోటీసు ఉంది. కమర్ దాన్ని పక్కకు తోసి బుట్టను తెరిచింది. అన్నీ ఉన్నాయి. పడేసినవి పడేసినట్టే, ఒక్కటీ చెదరకుండా. నాకే ప్రాణం లేచొచ్చింది. కమర్ వీడియోను బయటికి తీసి నడిపించింది. మేడ, ఎండ, పిండి జల్లెడ చప్పుడు. ఆ తల్లి గొంతు గదిలోకి వచ్చేసింది. వెనకే పడీ పడీ నవ్వుతున్న దలీలా గొంతు. ఆ దలీలా అక్కడ నవ్వుతుంటే ఈ దలీలా రొట్టెల మూటను గుండెకు హత్తుకుని ఏడుస్తోంది.

“నిన్ను అడిగి ఇవ్వాల్సింది అంగీ,” అంది కమర్. “అది అమ్మది. నీది కూడా.”

“అంగీ మాట అలా ఉంచు లెల్లా. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదు?”

“నువ్వొస్తావని.”

“నేనూ అలాగే కూర్చున్నాను,” అంది దలీలా.

తర్వాతి శనివారం దలీలా కంప్యూటర్‌ను కూడా నేనే మోశాను. అక్కచెల్లెళ్లు నా వెనకాల ఒకటే కబుర్లు. కీబోర్డు ఎవరు పట్టుకోవాలో కూడా నా నెత్తినే పెట్టారు. యువజన కేంద్రంలో మళ్లీ అదే తంతు, అదే ప్రశ్న. దలీలా వేలు మీట మీదకు వెళ్లేసరికి కమర్ ఆమె మణికట్టు పట్టేసుకుంది.

“ముందు సంచి చూడు,” అంది.

“అన్నీ తీసేశాను లెల్లా. నిన్ను, అమ్మను, పిల్లలను.”

“చూడమంటున్నానా.”

సలూవా ఆ ప్రశ్న దగ్గర ఆపించి, పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లించి బుట్టను తెరిపించింది. అడుగున ఒకే ఒక్క ఫొటో ఉంది. నాది. రైల్వే టోపీ పెట్టుకుని, ఎవరిమీదో కోప్పడుతూ.

“మీ ఆయన్ని మాత్రం వదిలేశాను,” అంది దలీలా తాపీగా. “కావాలా?”

సలూవా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఒంటికాలి మీద లేవబోయాను. కమర్ తెర దగ్గరికి వంగి ఆ ఫొటోను కాసేపు చూసింది. తర్వాత దాన్ని బయటికి తీసి, తన చేత్తో డిస్కులోకి ఎక్కించింది.

“ఇది నేను పట్టుకుపోతాను,” అంది.