పూత కింది బీటలు

కుట్టుమిషనత్తను మూడో అంతస్తు నుంచి తలుపు చెక్క మీద పడుకోబెట్టి దించాం. మెట్లు ఇరుకు. మలుపు దగ్గర చెక్క తిరగలేదు. అటూ ఇటూ తిప్పుతుండగానే ప్రాణం పోయింది. పట్టపగలు, మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కుడుతుంటే స్లాబు పెచ్చు ఊడి నెత్తిన పడింది. మేం వెళ్లేసరికి సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది.

ఆమెను చంపిందెవరని అడిగితే నగరాన్నేలే పెద్దలని చెబుతాను. నన్ను కూడా కలిపి చెబుతాను. ఎందుకో వినండి.

మేం కట్టుబడి కూలీలం. ఈ నగరంలో మేడలు లేపింది మేం. మేముండేది మాత్రం యాభై ఏళ్ల నాటి సర్కారు బ్లాకు, నాలుగోది. ఈ ఏడు నగరసభ పేదల ఇళ్లకని నిధి తీసింది. బాగా పాడైన బ్లాకును ముందు కూల్చి కొత్తది కడతారట. చూసి రాసుకోవడానికి ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. బుద్ధున్నవాళ్లయితే ఉన్న బీటలు ఉన్నట్టు చూపిస్తారు. మేమేం చేశాం?

మేస్త్రి బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఆదివారం పొద్దున్నే అందర్నీ పోగేశారు.

“పెద్దమనిషి వస్తుంటే పగిలిన గోడలు చూపిస్తామా? మేస్త్రీల కొంప ఇదా అని నవ్విపోడూ? పట్టండి తాపీలు!”

ఒక్కరూ కాదనలేదు. మిగిలిన సిమెంటు, దొరికిన ఇసుక ఏరుకొచ్చాం. నీళ్లు పోసి మాలు కలిపింది నేను. అత్త గది స్లాబు కింద అరచేయి దూరేంత బీట. అందులోకీ నా మాలే ఎక్కింది. పైన సున్నం కొట్టాం. మర్నాడు ఇంజనీరు మా టీ తాగి, గోడ నిమిరి, “కొత్తిల్లులా ఉందయ్యా” అన్నాడు. మేం సిగ్గు లేకుండా మురిసిపోయాం. పైన పటారం, లోన లొటారం. మా గొయ్యి మేమే తవ్వుకున్నాం.

అత్త పోయిన నాలుగో రోజు నగరసభ కూర్చుంది. మేమంతా పని మానేసి వెళ్లి గోడల వెంట నిలబడ్డాం. అధ్యక్షుడు కాగితం చదివాడు. “నాలుగో బ్లాకు. గోడలు, స్లాబులు దృఢం. నిధి అవసరం లేదు.” ఆ నిధితో కొత్త రోడ్డు పక్కన ‘అందరికీ అందే ఇళ్లు’ కడతారట. జీతం చీటీ ఉన్నవాళ్లకే అవి అందుతాయట. మాలో జీతం చీటీ ముఖం చూసినవాడు లేడు.

బావగారు లేచారు.

“అయ్యా, తప్పు నాది. ఆ బీటలు నేనే కప్పాను. మనిషి చచ్చిపోయింది. మళ్లీ వచ్చి చూడండయ్యా.”

“ఇంజనీరు రాసిందే మాకు సాక్ష్యం,” అన్నాడు అధ్యక్షుడు. “నువ్వు చెప్తే మార్చేస్తామా? పోనీ, గోడల్నే వచ్చి చెప్పమను!” సభలో నవ్వులు. భోజనాల తర్వాత ఓటింగన్నారు.

బయట వీధిలో మాలో మాకే రగడ. అత్త కూతురు, సెంట్రింగు పనిది, బావగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

“మీ పరువు మా అమ్మ నెత్తిన పడింది మావయ్యా.”

ఆయన కండువాలో ముఖం దాచుకుని ఏడ్చారు.

“ఏడవకండి. సుత్తివ్వండి. గోడలే రావాలన్నాడుగా, తీసుకొద్దాం.”

“పూత రాల్చేస్తే వానొస్తే ఎక్కడుంటామే?” అన్నారెవరో.

“ఇప్పుడెక్కడున్నాం? సమాధిలో. సున్నం కొట్టిన సమాధిలో.”

బ్లాకు రెండు వీధుల అవతలే. పరుగున వెళ్లాం. ఆడా మగా తలో గది పట్టుకుని కొట్టాం. తాను నున్నగా తీర్చిన గోడ మీద బావగారి చెయ్యి లేవలేదు. నేను మొదటి దెబ్బ వేశాక ఆయనా వేశారు. పూత రాలేకొద్దీ కింద బీటలు బయటపడ్డాయి, తుప్పు పట్టిన ఊచలు బయటపడ్డాయి. మేం కాపురమున్నది దీని కిందనా!

తట్టలకెత్తుకుని సభకు మోశాం. తలుపు దగ్గర పోలీసులు అడ్డుపడ్డా ఆగలేదు. అత్తను చంపిన పెచ్చును ఆమె కూతురు అధ్యక్షుడి బల్ల మీద పెట్టింది.

“గోడొచ్చింది. అడగండి.”

ఒకాయన జేబు రుమాలుతో చొక్కా దులుపుకున్నాడు. ఆ దుమ్ములోనే ఓటుకు చేతులెత్తారు. నిధి కొత్త రోడ్డుకు పోయింది. అంతా కళ్లెదుటే అయిపోయింది. నాకు నిలబడ్డచోటే ఏడుపొచ్చింది.

ప్రభుత్వ భవనాన్ని పగలగొట్టాడని బావగారి చేతులకు బేడీలు వేశారు. నలభై ఏళ్లు గోడలు కట్టిన చేతులవి. వ్యాను ఎక్కబోతూ నా వైపు తిరిగారు.

“అమ్మాయ్, ఇక మాలు కలపకు.”

నాతో పాటు తట్టలు మోసినవాళ్లందరూ విన్నారు ఆ మాట. రాత్రికల్లా అది నగరంలోని కూలీల వాడలన్నీ చుట్టింది. కొత్త రోడ్డు పక్క ఇళ్లకు పునాదులు తీసేది మేమే, గోడలు లేపేదీ మేమే. మర్నాడు అక్కడికి ఇసుక లారీలు వచ్చి నిలబడ్డాయి. దించేవాళ్లు లేరు. నగరంలో ఎక్కడా మాలు కలవలేదు. పొద్దెక్కేసరికి అయిదో బ్లాకు నుంచి సుత్తుల మోత మొదలైంది. వాళ్లూ ఆ ఇంజనీరు వస్తున్నాడని పూత పూసినవాళ్లే.