తెల్లగా నిలిచిన తెర

మార్చి పదిహేడు, మంగళవారం, ఉదయం షిఫ్టు మారే వేళ. స్థలం అగ్నిమాపక శాఖ కంట్రోలు గది. హాజరైనవారు: ఆ గదికి షిఫ్టు ఇన్‌ఛార్జి అయిన అక్క, ఆ గదికి వచ్చే కాల్స్ నమోదు చేసే కొత్త కంప్యూటరు పేజీ తయారుచేసి తెచ్చిన చెల్లెలు, ఆ చెల్లెలి కింద పనిచేస్తూ వయసులో ఆమెకు పైవాడైన పిసినారి మాస్టారు. మరో ఇద్దరు ఆపరేటర్లు కూడా ఉన్నారు గాని, చెవులకు ఫోన్లు తగిలించుకుని తమ తమ కాల్స్‌లో మునిగి ఉన్నందున వాళ్లు సాక్షుల లెక్కలోకి రారు.

పిసినారి మాస్టారికి ఆ పేరు డబ్బు వల్ల వచ్చింది కాదు. ప్రోగ్రాములో ఒక్క వరుస వృథా అయినా ఆయనకు అన్నం సహించదు. ఆ గదిలో ఏళ్ల తరబడి నడుస్తున్న పాత పేజీ ఆయన చేతిపనే. చూడటానికి ఎండుకట్టె, నొక్కితే మాత్రం రెప్పపాటులో తెరుచుకునేది. దానికున్న జబ్బల్లా ఒకటే: అందులో చిన్న గడి జరపాలన్నా ఆయనే రావాలి, ఆయన వచ్చినా వారం పట్టేది. నగరంలో కొత్త వీధి పుడితే దాని పేరు ఎక్కించేసరికి ఆ వీధి పాతబడేది.

అందుకే చెల్లెలు పోరి పోరి దాన్ని మార్పించింది. సగం కుట్టి ఉంచిన బట్ట తెచ్చుకుని కొలతకు దిద్దుకున్నట్టు పనిచేసే ఫ్రేమ్‌వర్క్ ఒకటి ఎంచుకుంది. అందులో ఒక సుఖం ఉంది. ప్రోగ్రాములో మాట మారిస్తే, తెర మీద తెరిచి ఉన్న పేజీలో ఆ మార్పు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పేజీ మూసి తెరవనక్కరలేదు. మొదట మూతి విరిచిన మాస్టారు కూడా నెల తిరక్కుండా ఆ సుఖానికి అలవాటు పడ్డారు. "ముసలితనంలో మెత్తటి పరుపు దొరికిందమ్మా," అనేవారు.

పేజీ అంగీకరించినట్టు అక్క సంతకం పడితే చెల్లెలి బృందం, ముగ్గురూ, మరో ఏడాది నిలుస్తారు. పడకపోతే నెలాఖరుకు బృందాన్ని ఎత్తేస్తామని యాజమాన్యం ముందే తేల్చి చెప్పింది. మూడో మనిషి ఆఫీసులో కబురు కోసం కూర్చుని ఉంది. పరీక్షించేది తోబుట్టువే అన్న సంగతి పైవాళ్లకు తెలియనిది కాదు. అయితే ఈ అక్క లోకంలో అందరికంటే ఎక్కువగా చెల్లెలినే సతాయిస్తుందని కూడా తెలుసు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

"ఏమే, ఖాళీ సీటులో చూపిస్తావా, నిజం సీటులోనా?" అక్క అడిగింది.

"నిజం సీటులోనే. మూడో సీటులో పాత పేజీ తీసేశాంగా."

"అప్పుడే తీసేశారా? చిన్నప్పుడు ఈత రాకముందే ట్యూబు విసిరేశావు, గుర్తుందా?"

"మునగలేదుగా."

"నేను జుట్టు పట్టి లాగాను కాబట్టి."

మాస్టారు నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగారు.

ఆ గదిలో ఒక నియమం ఉంది. షిఫ్టు దిగే ఆపరేటరు తన పేజీ మూసి, కంప్యూటరు కూడా ఆపి లేవాలి. ఎక్కే ఆపరేటరు అన్నీ మొదటినుంచి తెరుచుకోవాలి. ఒకరి పేరు మీద మరొకరు కాల్ తీసుకోకూడదని ఎప్పుడో పెట్టిన కట్టుబాటు. ఆ ప్రకారమే అక్క మూడో సీటులో కూర్చుని కంప్యూటరు వెలిగించింది. అది గదిలో అందరికంటే ముందు ఉద్యోగంలో చేరిన యంత్రం. కొత్త పేజీ గుర్తు మీద నొక్కి, సంతకానికి సిద్ధంగా పెన్ను మూత తీసి పట్టుకుంది. అంగీకార పత్రం చెల్లెలి చేతిలో ఉంది.

తెర తెల్లబడింది.

"వస్తుంది," అంది చెల్లెలు.

తెర తెల్లగానే ఉంది. పక్క సీట్లు రెండూ కాల్స్‌లో ఉండటంతో, మూడో సీటు ఫోను మోగింది.

అక్క ఎత్తింది. రిసీవర్లోంచి ఆడగొంతు ఒకటి గదిలో అందరికీ వినబడేంత గట్టిగా, ఒక్క ఊపిరిలో, వీధి పేరూ మేడ పేరూ మూడో అంతస్తూ చెప్పింది. వంటింట్లో మంట అంది. ఆ తర్వాత దగ్గు, ఏదో పడ్డ చప్పుడు. లైను తెగిపోయింది.

ఎవరు ఎక్కడినుంచి చేశారో ఫోను నంబరుతో సహా పట్టుకోవలసింది ఆ పేజీ. ఆ పేజీ ఇంకా రాలేదు.

చెల్లెలికి కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఆ తెలుపు వంక చూస్తూ నిలబడిపోయింది. తాను రాసిన ప్రతి వరుసా ఆమెకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు అక్కరకు రాదు. వీధి పేరు తన చెవిన కూడా పడింది. ఏమిటది? మొదటి అక్షరం కూడా గుర్తు రావడం లేదు.

అక్క మాత్రం ఎడమ అరచేయి చాపి, సంతకానికి తీసిన పెన్నుతోనే దాని మీద రాసేసింది. రెండో చేత్తో స్టేషను ఫోను అందుకుని అరచేయి చూసి చదివింది. అవతలివాళ్లు తిరిగి చెప్పారు. "అదే. మూడో అంతస్తు. మెట్ల మీద పొగ ఉండొచ్చు, చూసుకోండి," అని పెట్టేసింది.

అప్పుడొచ్చింది పేజీ. నీలం అంచులూ గుండ్రటి మూలలూ తీర్చుకుని, కింద నుంచి మెల్లగా తేలుతూ పైకి వచ్చి నిలిచింది. ఆ తేలడం కోసం చెల్లెలు రెండు రోజులు శ్రమపడింది. ఫోను నంబరు గడి ఖాళీగా ఉంది. మోగిన వేళకు తాను పుట్టనే లేదు గనుక, కాల్ వచ్చిన సంగతే ఆ పేజీకి తెలియదు.



"మాస్టారూ," అంది చెల్లెలు, "మన దగ్గర ఇది ఎప్పుడూ ఇలా..."

"మన దగ్గర మూస్తే కదమ్మా తెరవడానికి," అన్నారు మాస్టారు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. "పొద్దున ల్యాప్‌టాప్ మూత ఎత్తితే నిన్నటి పేజీ అలాగే ఉంటుంది. ఎప్పుడైనా తెరిచినా మనవి కొత్త యంత్రాలు, సర్వరు పక్క గదిలో. నేను కూడా... అక్షరాలు లెక్కపెట్టుకుని బతికినవాణ్ణి, ఇది తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కసారీ లెక్కపెట్టలేదు."

అదీ సంగతి. తమ చేతి కింద మార్పులు చకచకా పడుతుంటే ఆ వేగం పేజీదే అనుకున్నారు. అది తమ వేగం. ఫోను అవతల దగ్గుతున్న మనిషికి అందులో పూచికపుల్లంత వాటా కూడా లేదు.

చాలాసేపటికి వైర్‌లెస్ గరగరలాడింది. మంట ఆర్పారు, ఆమెను మెట్ల మీదుగా మోసుకొచ్చారు, ఊపిరి ఆడుతోంది. పక్క సీటులో ఎవరో నిట్టూర్చారు. చెల్లెలు కుర్చీ లాక్కుని కూలబడింది.

అక్క ఆమె చేతిలోంచి పత్రం తీసుకుంది. గొంతు తగ్గించింది.

"సంతకం పెడతానే. తర్వాత దిద్దుకుని తెచ్చుకో. ముగ్గురి బతుకు."

"అంతవరకు?"

"అంతవరకు నా చెయ్యి ఉందిగా."

"నీ షిఫ్టు దిగాక?"

 చెల్లెలు పత్రం వెనక్కి తీసుకుని, పెన్ను అడిగి అందుకుంది. 'అంగీకరించడమైనది' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, కింద తన గుండ్రటి దస్తూరీతో రాసింది: 'మూడో సీటులో మొదటినుంచి తెరిచి చూడలేదు. మా అంతట మేమే వెనక్కి తీసుకుంటున్నాం. పాత పేజీ ఈ పూటే తిరిగి పెట్టాలి.' సంతకం చేసింది. మాస్టారు వంగి, ఎవరూ అడగకుండానే, ఆమె పేరు కింద తన పేరు కూడా చేర్చారు.

"ఆఫీసులో ఎదురుచూస్తున్న దానికేం చెబుదాం?" అన్నారాయన.

"ఉన్నది చెబుదాం. నేనే చెబుతాను."

"పత్రం మీద రాసుకోక చెయ్యి పాడుచేసుకున్నావేమక్కా?" వెళ్లబోతూ అడిగింది చెల్లెలు. ఏదో ఒకటి అడగకపోతే ఏడుపొచ్చేట్టు ఉంది.

"అది నీ చేతిలో ఉంది. పీకినా వచ్చేది కాదు, అలా బిగించావు."

మాస్టారు అప్పటికే అక్క లేచి ఇచ్చిన మూడో సీటులో కూర్చుని పాత పేజీ వెతికి పెడుతున్నారు. అక్క వాళ్ల పేర్ల కింద తానూ సంతకం చేసి పత్రాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచింది. చెమటకు అరచేతిలోని వీధి పేరు సగం చెరిగి, కాగితం అంచుకు అంటుకుంది. చూసింది గాని తుడవలేదు. సొరుగు లాగి, పత్రం లోపల పెట్టి, మూసింది.