తెల్లెలుకల ఉండ్రాళ్లు

జనగామ ఊరిచివరి కాలేజీలో ప్రయోగాల ఎలుకల గది తాళంచెవి పద్దెనిమిదేళ్లుగా రుక్మిణమ్మ కొంగుకే ఉంది. పొద్దున ఎనిమిదింటికి తలుపు తీయాలి, పెట్టెల్లో పొట్టు మార్చాలి, నీళ్ల సీసాలు కడిగి నింపాలి. సూది వేసేటప్పుడు ఎలుకను మెడ వెనక తోలు పట్టుకుని కదలకుండా ఆపాలి. పని తీరిన ఎలుకలను చంపి, సంచిలో కట్టి పంపించేదీ ఆవిడే. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు గానీ, ఈ గదిలో పిల్లీ లేదు, చెలగాటమూ లేదు. ఉన్నవాళ్లందరికీ సంకటమే.

యాభై నాలుగేళ్లకే రుక్మిణమ్మ అలిసిపోయింది. మోకాళ్ల నొప్పులని అందరికీ చెబుతుంది గానీ, అలిసింది మోకాళ్లు కాదు. ఎలుకల కోసం మనసు నొచ్చుకుంటోందని చెబితే నవ్విపోతారని ఊరుకుంది.

ఇప్పుడు గదిలో ఉన్న ఎలుకలు గీతాంజలివి. గీతాంజలిది భూపాలపల్లి. భర్త రాకేష్ అక్కడే కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు, ఐదేళ్ల కూతురు సాయిప్రియ అతని దగ్గరే ఉంటుంది. గీతాంజలి మాత్రం హాస్టల్లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తోంది. నెలకు రెండు ఆదివారాలు హన్మకొండలో బస్సు మారి ఇంటికి పోయి, కూతురు నిద్రలో ఉండగానే తిరిగి బయల్దేరుతుంది. చదువులో చేరి ఆరేళ్లయింది. మొదటిసారి ప్రయోగంలో ఏసీ చెడిపోయి ఎలుకలు చచ్చాయి, రెండోసారి ఎలుకల కడుపుల్లో పోసిన పురుగు గుడ్లు చిట్లలేదు. ఇది మూడోసారి. ఇదైనా గట్టెక్కితే థీసిస్ ఇచ్చేసి ఇంటికి పోవాలని ఆమె ఆశ.

గీతాంజలికి గైడైన భద్రయ్య సారు ముందు రుక్మిణమ్మ ఆమెను మేడం అంటుంది. ఎవరూ లేనప్పుడు బిడ్డా అంటుంది.

"ఏం చూస్తున్నవు బిడ్డా గింతగనం?" అని ఒకరోజు అడిగింది.

"ఎలుకల కడుపుల పురుగు గుడ్లు పోసినం గద అవ్వా. నల్లెలుకల ఒంట్లె కొట్లాడే బలముంది. మూడు వారాలల్ల పురుగును గుర్తుపట్టి బయటికి నూకేస్తయ్. తెల్లవాటికి గా శక్తి లేదు. పురుగును మోసుకుంటనే బతుకుతయ్. గీ తేడా ఎందుకో రక్తంల, పేగులల్ల వెతుకుడే నా పని."

"మరి తెల్లవాటి గతేంది?"

"వాటి గతి గంతే," అంది గీతాంజలి, ఫోన్‌లో కూతురి ఫోటో చూసుకుంటూ.

ఆ ఒక్క మాట రుక్మిణమ్మ గుండెలో ముల్లులా దిగబడింది. బలమున్నవాడు ఎట్లాగూ బతుకుతాడు, లేనివాడికి మందుగోలీ ఇచ్చే దిక్కుండాలి కదా! ఇన్ని చదువులు చదివిన వాళ్లకు ఆ మాత్రం తోచలేదేమని ఆవిడకు లోలోపల కోపమే వచ్చింది.

ఆగస్టులో చెల్లెలిని చూడటానికి పెద్దవంగర పోయింది. చెల్లెలి కూతురు స్వరూప అక్కడ అంగన్‌వాడీ టీచరు. ఆ రోజు నులిపురుగుల మందు పంచుతున్నారు. పిల్లలు వరసగా నిలబడి నోరు తెరుస్తుంటే, స్వరూప ఒక్కొక్కరి నాలుక మీద గోలీ పెట్టి నమిలిస్తోంది.

"ఒక్క గోలీతోని కడుపుల పురుగులన్నీ పోతయా?" అని అడిగింది రుక్మిణమ్మ.

"పోతయ్ పెద్దమ్మా. నీకు గిట్ల కావాల్నా?"

"రెండియ్యి," అంది. తనకేనని స్వరూప అనుకుంది. ఈవిడ కాదనలేదు.

ఏటా వినాయక చవితికి ఎలుకలకు ఉండ్రాళ్లు పెట్టడం రుక్మిణమ్మకు ఆనవాయితీ. వాహనాన్ని పస్తులుంచి దేవుడికి నైవేద్యం పెడితే ఏం పుణ్యం అంటుంది. చిటికెడు బియ్యప్పిండితో కొంప మునగదని పెద్దసారు భద్రయ్య చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఈ ఏడు ఆవిడ రెండు గోలీలనూ మెత్తగా నూరి, బెల్లంతో కలిపి, సెనగగింజంత ఉండలు చేసింది. మూడు రోజులు వరసగా ఒక్క తెల్లవాటికే పెట్టింది. నల్లవాటికి ఉత్త ఉండ్రాళ్లు. తినండి బిడ్డా అని పేరుపేరునా చెప్పింది గానీ, మనుషులెవరికీ చెప్పలేదు.

పది రోజుల తర్వాత గీతాంజలి కొన్ని తెల్లెలుకలను కోసి చూసింది. పేగుల్లో ఒక్క పురుగూ లేదు. భద్రయ్య సారు వచ్చి మూడుసార్లు మైక్రోస్కోపులో చూశాడు. రక్తంలో పురుగుతో కొట్లాడే కణాలు పెరగలేదు, పేగుల్లో పురుగును బయటికి తోసే జిగురూ ఎక్కువ కాలేదు. కొట్లాట జరిగిన గుర్తే లేకుండా పురుగు మాయమైంది. ఇలాంటిది తాను ఎక్కడా చూడలేదని, ఇదేదో కొత్త దారి అని సారు అన్నాడు.

గీతాంజలి వచ్చి ఆవిడను గట్టిగా కావలించుకుంది.

"మందు లేదు మాకు లేదు అవ్వా, వాటంతట అవే నయం చేసుకున్నయ్! గిది అయిపోయినట్టే. దసరాకు ఇంటికి పోత. మళ్ల రాను."

నయమైందన్న సంబరం రుక్మిణమ్మకు రెండు నిమిషాలే. మందు లేదన్న మాట తలకెక్కేసరికి, తన గోలీలు ఎంత పని చేశాయో తెలిసింది.

రెండు రోజులు అదే లెక్క వేసుకుంది. చెబితే ఉద్యోగం పోతుంది, అంతకన్నా ముందు ఈ పిల్ల ఆరేళ్లూ గంగలో కలుస్తాయి. చెప్పకపోతే తల్లి బిడ్డను చేరుకుంటుంది. చూసినవాళ్లు లేరు, ఎలుకలు వచ్చి సాక్ష్యం చెప్పవు. నోరు మూసుకోవడానికే నిశ్చయించుకుంది కూడా. కానీ మూడో రోజు గీతాంజలి ఉత్సాహం పట్టలేక అంది:

"గీ దారి ఏందో దొరికితే అవ్వా, రేపు పిల్లలకు గోలీల అవసరమే ఉండదేమో!"

పెద్దవంగరలో నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్లలు రుక్మిణమ్మ కళ్లముందు కదిలారు. ఆ గోలీ చేసిన పనిని చూపించి ఆ గోలీనే వద్దంటారా? ఇక ఆగలేకపోయింది.

"బిడ్డా, నయమైంది వాటంతట అవి గాదు. నేను ఉండ్రాళ్లల్ల పురుగుల గోలీ కలిపిన. కురవి వీరన్న మీద ఒట్టు, చెడగొట్టాలని గాదు. పాపం అనిపించింది."

గీతాంజలి లేచి తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరికన్నా చెప్పినవా?"

"లేదు బిడ్డా."

బల్ల మీద ఆమె రాసుకున్న కాగితాలున్నాయి. వాటినే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎందుకు చెప్పినవవ్వా? పెట్టినదానివి పెట్టినవు, నోరు మూసుకొని ఉండరాదా? నాకు తెల్వకుంటనే ఇంటికి పోతుంటి గదా!"

రుక్మిణమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేద్దామని లేచి, ఆ చేతులే కదా ఇంత చేశాయని కొంగులో దాచుకుంది.

గీతాంజలి మొహం కడుక్కుని సారు గదిలోకి పోయింది. అరగంటకు తిరిగి వచ్చింది.

"తిండిల మందు కలిసింది, చూస్కోకపోవుడు నా తప్పే అని చెప్పిన. నీ పేరు తియ్యలే. ఆర్నెల్లు గడువిప్పిస్త అన్నడు. మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె."

"మరి మిగిలిన తెల్లవి?"

"మందు తిన్నవి ఎందుకూ పనికిరావవ్వా. తీసెయ్యాలె. కొత్తయి నలభై వస్తయ్."

మేలు చేయబోతే కీడు ఎదురైందని లోకులు ఎంత తేలిగ్గా అంటారు! మిగిలిన పన్నెండింటినీ ఆ సాయంత్రమే రుక్మిణమ్మ సంచిలో కట్టింది. పన్నెండూ ఒంటి నిండా కండ పట్టి, నిగనిగలాడుతూ ఉన్నాయి.

పక్షం రోజులకు కొత్త తెల్లెలుకలు నలభై వచ్చాయి. పురుగు గుడ్లు పోసే రోజు వచ్చింది. రుక్మిణమ్మ ఎలుకను పట్టుకుంటే, గీతాంజలి దాని నోట్లోంచి కడుపులోకి సన్నని గొట్టం దించి నీళ్లలో కలిపిన గుడ్లు పోస్తోంది. రుక్మిణమ్మ ఏ బాధైతే చూడలేకపోయిందో దాన్నే మరో నలభై ప్రాణాలకు తన చేతులతో తెచ్చిపెట్టింది. గోలీ పెట్టకుండా ఉంటే ఇవి ఇక్కడికి వచ్చేవే కావు. ఆ సంగతి తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం వణకకూడదు. వణికితే గొట్టం ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బల్ల మీద ఫోన్ మోగింది. గీతాంజలి చేతులకు గ్లౌజులున్నాయి. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"అమ్మా, దసరాకు వచ్చినంక మళ్ల పోవు గదా?" అని సాయిప్రియ అడుగుతోంది.

గీతాంజలి రుక్మిణమ్మ వైపు చూడలేదు.

"పోవాలె బిడ్డా. ఇంకొన్ని రోజులు."

అవతల పిల్ల ఫోన్ పెట్టేసింది. రుక్మిణమ్మ తప్పయింది బిడ్డా అని పైకే అనేసింది.

"గిది ఎన్నోదవ్వా?" అని అడిగింది గీతాంజలి, ఏమీ విననట్టే.

"ఏడోది."

"ఇంక ముప్పై మూడు. పట్టు."

రుక్మిణమ్మ పెట్టెలో చెయ్యి పెట్టి ఎనిమిదోదాన్ని పట్టుకుంది.