సోమలింగం అభ్యంతరం

మగ్గాల పనికి వలసపోయిన మనవాళ్లుండే అమ్రోలిలో సోమలింగం కోపం మరమగ్గాల చప్పుడులాంటిది. పక్కనే కాపురముండేవాళ్లకు అది వినిపించడం ఎప్పుడో మానేసింది. బిడ్డ హారతి జపాన్ పిల్లగాణ్ణి చేసుకుంటానన్న నాడు ఆయన ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాడు. భార్య భాగీరథి మాత్రం పొయ్యి మీది చాయ్ దించి, "మామా, సల్లారకముందే తాగు" అంది. అక్క బిడ్డనే చేసుకున్నాడు కాబట్టి, పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమెకు ఆయన మామే.

ఆ పిల్లగాడి పేరు కజుయా. పక్క ఊరు కిమ్‌లోని మిల్లులో కొత్త మగ్గాలు బిగించడానికి వచ్చాడు. వెనకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. అదే మిల్లు ఆఫీసులో పనిచేసే హారతి, క్యాంటీన్ మూతపడ్డ రోజుల్లో అతనికి అన్నం, పచ్చిపులుసు పంపింది. పచ్చిపులుసుతో మొదలైన కథ పెళ్లి దాకా వచ్చింది.

"పరాయి దేశపోనితోని రిజిష్టర్ పెండ్లంటే ముందు నెల రోజులు నోటీసు పెడ్తరు. ఎవలికన్న అభ్యంతరముంటే చెప్పొచ్చు" అని కులపెద్ద బుచ్చిరాములు సోమలింగం చెవిన వేశాడు. "నువ్వు కన్నతండ్రివి. నీ మాట కాదంటరా?"

సోమలింగం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మాస్కు కట్టుకుని రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాడు. వరండాలో మనిషన్నవాడు లేడు. అద్దాల బోర్డులో ఆ నోటీసు: హారతి పేరు, కింద తండ్రి అని తన పేరు, పక్కనే నోరు తిరగని జపాన్ ఊరి పేరు. ఆయన మాస్కు కిందికి లాగి మరీ చదివాడు. రిక్షావాడైనా, సేఠైనా వచ్చి ఈ పెళ్లి వద్దనడానికి కారణం చెప్పొచ్చు. ఒక్క ఆడపిల్ల పెళ్లి కోసం సర్కారు నెల రోజులు లోకాన్నంతా అడుగుతోంది.

లోపల రిజిస్ట్రార్ ఇలాబేన్ హిందీలో అడిగింది. "చెప్పండి."

"ఈ పెండ్లి ఆపాలె బేన్" అన్నాడు, అక్కా అని అక్కడివాళ్లు పిలిచినట్టే. " పిల్ల తండ్రిని."

"కారణం?"

"ఆ పిల్లగాడు మాకేం కాడు. కులం కాదు, గోత్రం కాదు. అటేడు తరాలు ఇటేడు తరాలు తీసినా చుట్టం కాడు. కావాలంటే ఒట్టేసి చెప్త."

"చట్టానికి కావలసిందీ అదే" అంది ఆమె. "దగ్గరి చుట్టమైతేనే చిక్కు. మేనమామ, అక్క కూతురు లాంటివాళ్లయితే, మీలో ఆ ఆచారం ఉందని రుజువు చూపించాలి. లేకపోతే నేనే ఆపుతాను."

సోమలింగానికి మాస్కులో చెమట పట్టింది. తన సంసారమే గుర్తొచ్చి మాట మార్చాడు.

"మరి కులం?"

"వయసుండాలి, మతి స్థిమితంగా ఉండాలి, ఇంకో భార్యో భర్తో బతికుండకూడదు. కులం మాట చట్టంలో లేదు."

"తల్లిదండ్రులు ఒప్పుకోకుంటే?"

"అదీ లేదు."

తన కన్నా, తన తండ్రి కన్నా, ఆకాశమంత పెద్దదనుకున్న కులం మాట ఇంత లావు చట్టంలో ఎక్కడా లేదట. సోమలింగం కుర్చీలో కూలబడ్డాడు. ఇలాబేన్‌కు జాలేసిందేమో, సీలున్న కాగితం ఒకటి ముందుకు జరిపింది. పిల్లగాడి తల్లి వాళ్ల ఊరి ఆఫీసులో వివరాలు తీయించి పంపితే, ముంబైలోని జపాన్ కాన్సులేట్ రాసిచ్చిందట. ఇతనికి పెళ్లి కాలేదు, చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు అని.

తమవాళ్లలో పిల్లగాడి సంగతి తెలుసుకోవాలంటే బస్సెక్కి పోయి, ఆ ఊరి చాయ్ హోటల్లో కూర్చుని, సగం అబద్ధాలు విని వచ్చేవాళ్లు. ఇక్కడ ఒక దేశమే సీలు కొట్టి పూచీ పడింది. ఆ కాగితాన్ని ముట్టుకోవడానికి కూడా ఆయనకు చెయ్యి రాలేదు.

ఇంటికొచ్చేసరికి సంగతి భాగీరథికి ఎలాగో తెలిసిపోయింది.

"ఆపినవా మామా?"

"మన పెండ్లయితే ఆపుతుండెనటనే" అన్నాడు.

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ మొహం చిన్నబోయింది. "ముగ్గురు సాక్షులుంటే గానీ పెండ్లి చెయ్యరట. నేను, పిల్ల దోస్తు చాందిని ఉన్నం. మూడో మనిషిని బుచ్చిరాములు రానిస్తలేడు. వచ్చినోన్ని కులంల నుంచి ఎల్లగొడ్తడట."

ఆ రాత్రి సోమలింగం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నెల గడిచింది. పెళ్లినాడు హారతి ఆ వరండాలోనే, ఆడవాళ్లిద్దరి మధ్య నిలబడి, రాని మూడో మనిషి కోసం గేటు వైపు చూస్తోంది. అదే ఇస్త్రీ చొక్కాలో తండ్రి వచ్చాడు. ఆమె కళ్లు భయంతో పెద్దవయ్యాయి. కజుయా నడుము దాకా వంగి దండం పెట్టాడు.

"మళ్లీ అభ్యంతరమా?" అంది ఇలాబేన్.

"కాదు బేన్. సాక్షిని."

హారతి ఏడుపు ఆపుకోలేక తల్లి భుజం మీద వాలిపోయింది. ఇలాబేన్ రిజిస్టరు ఆయన వైపు తిప్పింది.

"పిల్లకు ఏమవుతారు?"

"బాపును."

"పిల్లగాడికి? ఏమీ కాడని ఒట్టేస్తానన్నారు."

"ఇయ్యాల్టి దాకా ఏం కాడు" అన్నాడు సోమలింగం. "పెన్ను గిటు ఇయ్యి."