తన బరువు ఒక్కటే

ఆరో దుప్పటి పిండి బకెట్లో వేసి లేవబోయింది రత్నాలు. మోకాళ్ళు లేవలేదు. కాలు తిమ్మిరెక్కిందేమో అనుకుని కాసేపు ఆగి, రెండు చేతులూ నేలకి ఆనించి మళ్ళీ చూసింది. కుడి మోకాల్లో మేకు దిగ్గొట్టినట్టయింది. బట్టలుతికే బండ పక్కన, సబ్బు నీళ్ళలో, ఆమె అలాగే కూలబడిపోయింది.

"ఏటే, అక్కడే కూకుండిపోనావు? టీ పెట్టవా?" వరండాలోంచి కొండబాబు కేకేశాడు.

"లెగనేకపోతన్నాను."

"ముసిల్దానివైపోనావు మరి," అని నవ్వి అతను పేపరు తిప్పాడు.

కొళాయి గొట్టం పట్టుకుని, అది వంగిపోతుంటే అదిమిపట్టి, ఎలాగో లేచింది. లేచి టీ పెట్టింది. మిగిలిన నాలుగు దుప్పట్లూ నిలబడే ఉతికింది.

కొండబాబు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ముప్పై ఐదేళ్ళు పట్టాల వెంట నడిచినవాడు. రిటైరైన రోజు మెడలో దండేసి, ఫొటో తీసి, బాజాలతో ఇంటిదాకా దింపారు. మర్నాటి నుంచీ పొద్దున్నే వేణ్ణీళ్ళ స్నానం, స్టేషను దాకా నడక, అక్కడ స్నేహితులతో కబుర్లు, తొమ్మిదింటికి ఇంటికి. ఆయన రిటైరైన ఏడాదే కొడుకు నవీన్ ఇంటి వెనక నాలుగు గదులు కట్టి హోమ్‌స్టే పెట్టాడు. అరకు చూడ్డానికి వచ్చినవాళ్ళు శని, ఆదివారాలు అక్కడ దిగుతారు. గేటు మీద బోర్డులో 'అమ్మ చేతి వంట' అని పెద్ద అక్షరాలున్నాయి. ఆ అమ్మ రత్నాలే. బొంగులో చికెను కాల్చేదీ, రాగి సంకటి కెలికేదీ, గదులూడ్చేదీ, దుప్పట్లుతికేదీ ఆవిడే. ఎవరైనా అడిగితే నవీన్ మాత్రం, "మా అమ్మ ఏం పని చెయ్యదండి. రెస్టులో ఉంది. సరదాకి వంట చేస్తాదంతే," అంటాడు. మొదటిసారి విన్నప్పుడు రత్నాలు కూడా నిజమే కాబోలు అనుకుంది. అలసట తన ఒంట్లో ఉన్న లోపం అనుకుంది.

కోడలు నాగలక్ష్మి సచివాలయంలో ఉద్యోగి. అత్త మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం ఆ అమ్మాయే గమనించింది. ఓ బుధవారం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడ వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి పేరు బిందుమాధవి. మోకాలు వంచి చూసి, "రోజంతా ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగింది.

"ఏటీ సెయ్యనమ్మా. ఇంటికాడే ఉంతాను."

"ఇంటి దగ్గర ఏం చేస్తారో చెప్పండి."

రత్నాలు చెప్పడం మొదలుపెట్టింది. నాలుగింటికి లేవడం దగ్గర్నుంచి మొదలైన మాట ఇంకా మధ్యాహ్నానికి కూడా రాకుండానే, రాసుకుంటున్న అమ్మాయి కలం ఆపేసింది. "సరే. మీకోసం మీరు చివరిసారి ఎప్పుడు నడిచారు?"

ఆ ప్రశ్న రత్నాలుకి అర్థం కాలేదు. నీళ్ళ కోసం నడిచింది, కట్టెల కోసం నడిచింది, పిల్లాడికి జ్వరమొస్తే చంకనేసుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. తన కోసం అంటే ఎక్కడికి?

"మోకాలు అరిగిందమ్మా, పాడైపోలేదు," అంది బిందుమాధవి. "గొంతుక్కూర్చుని ఉతకొద్దు. తొడల్లో బలం పెరిగితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. రోజూ కాసేపు వ్యాయామం, ఆపైన నడక. కదలకపోతే ఇంకా బిగుసుకుపోతుంది."

చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టుకుని నొక్కడం, కాలు చాపి ఎత్తి పట్టడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, అన్నీ చేయించి పంపింది.

ఆ సాయంత్రం రత్నాలు కుర్చీలో కూర్చుని లేస్తూ, లేచి కూర్చుంటూ ఉంటే కొండబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏటే ఈ కుర్చీలాట? పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంటిపని సేత్తన్నావు కదా, అంతకన్నా ఎక్సర్‌సైజేటుంతాది?"

"నువ్వు ముప్పై ఐదేళ్ళు పట్టాలెంట నడిసినావు కదా," అంది రత్నాలు ఆయాసపడుతూనే. "మళ్ళీ పొద్దున్నే టేసను దాకా నడకెందుకు?"

"అది నా ఆరోగ్యం కోసమే."

"ఇది నాకోసం."

అని మళ్ళీ లేచింది. ఆరు, ఏడు, ఎనిమిది. పదోసారి తొడలు వణికాయి. కానీ ఆ వణుకు ఆమెకి నచ్చింది. అది ఏ గిన్నె కోసమూ, ఏ దుప్పటి కోసమూ పుట్టిన వణుకు కాదు.

నడక దగ్గర మాత్రం ఇల్లు అడ్డం తిరిగింది. ఆమెకి దొరికే గంట పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకానే. అదే కొండబాబు టీకీ, వేణ్ణీళ్ళకీ పొయ్యి రాజెయ్యాల్సిన గంట. "నా నీళ్ళెవులు కాస్తారు?" అని అడిగాడాయన, ఇక దానికి జవాబుండదన్న ధైర్యంతో. "కట్టెలున్నాయి. అగ్గిపెట్టుంది. నీకు సేతులున్నాయి," అని శాలువా కప్పుకుని గుమ్మం దాటింది రత్నాలు. వీధి చివరిదాకా వచ్చింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆ రోజు కొండబాబు చన్నీళ్ళ స్నానం చేసి, రోజంతా తుమ్మి చూపించాడు. నాలుగో రోజుకి పొయ్యి రాజెయ్యడం వచ్చింది.

స్టేషను రోడ్డులో ఇడ్లీలమ్మే అప్పలనర్సమ్మ ఆమెకి జతయింది. మైదానం నుంచి పెళ్ళై కొండకొచ్చిన మనిషి, అరవై ఆరేళ్ళు, షుగరు, పెద్ద శరీరం, అంతకన్నా పెద్ద నవ్వు. "వొదినా, డాక్టరు నన్నూ నడవమన్నాడే, కానీ ఒక్కర్తినీ నడుత్తుంటే కుక్కలు అనుమానంగా సూత్తన్నాయి," అంది. మొదటి వారం కల్వర్టు దాకా. తర్వాత రైల్వే గేటు దాకా. మంచులో ఎదుటి మనిషి కనిపించదు. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటల్లో ఆకుల మీంచి నీళ్ళు టపటపా రాలుతుంటాయి. ఇద్దరూ నోటి నుంచి పొగలు వదులుకుంటూ, మొగుళ్ళ మాటలు అనుకరించి చూపించుకుంటూ, ఆగి ఆగి నవ్వుకుంటూ నడిచేవారు. నాలుగు నెలలకి కొండ అడుగుదాకా వెళ్ళి తిరిగి రాగలిగారు. దుప్పట్ల పని కూడా మారింది. నడుమెత్తు దిమ్మ కట్టిస్తే తప్ప బండ దగ్గరికి రానని రత్నాలు చెప్పడంతో, రెండు శనివారాలు మాసిన దుప్పట్లు గుట్టపడ్డాక, నవీన్ కట్టించాడు.

కొండ అడుగున నిలబడి తలెత్తితే పనసగుడకి పోయే కాలిబాట కనిపిస్తుంది. అది రత్నాలు పుట్టిన ఊరు. జీపు వెళ్ళదు, బండి వెళ్ళదు. రెండు గంటలు ఎక్కాలి. అదీ వయసులో ఉన్న కాళ్ళైతే. రత్నాలు అక్కడికి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. మనవడు పుట్టాడని ఒక ఏడు, కరోనా అని రెండేళ్ళు, ఆపైన గెస్టులని. అక్క సుక్రి ఇదివరకు ప్రతి సంతకీ దిగి వచ్చేది. కళ్ళకి శుక్లాలొచ్చాక దిగడం మానేసింది. ఎక్కడం కన్నా దిగడమే కష్టం కళ్ళు కనపడనివాళ్ళకి.

పుష్యమాసంలో సంతకి వచ్చిన సుక్రి కొడుకు ఫల్గుణ, రాజ్మా బస్తా దించుతూ చెప్పాడు: "పిన్నీ, వచ్చే శుక్రారం కందికొత్తల పండగ. కొత్త కందులు నీ సేతికి పెట్టి గానీ తిననని అమ్మ సెప్పమంది. నేనేటి సెప్పీది?"

"వత్తానని సెప్పు," అంది రత్నాలు. అనేశాక తనే ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ మాట చెప్తే నవీన్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "శుక్రవారమా? అమ్మా, మూడ్రోజులూ ఫుల్ బుకింగ్. పన్నెండు మంది. అందరూ నీ వంట కోసమే వస్తున్నారు. అయినా నీ మోకాళ్ళతో ఆ కొండెలా ఎక్కుతావు?"

"ఎక్కి దారిలో కూలబడిపోతే ఎవులు మోసుకొత్తారు?" అన్నాడు కొండబాబు.

రత్నాలుకి కోపం రాలేదు. అదే ఆమెకి వింతగా ఉంది. ఇన్నేళ్ళూ ఇలాంటి మాటలు ముల్లై గుచ్చుకునేవి. ఇప్పుడు వాటి అడుగున ఏముందో తేటనీళ్ళలో గులకరాళ్ళలా కనిపిస్తోంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తన మోకాళ్ళు వాళ్ళకి కావాలి, అంతే. ఇంటి లోపల పనికొచ్చినంత మేరకు కావాలి.

"పది దుప్పట్లు ఉతికినప్పుడు నా మోకాళ్ళు ఎవులికీ గుర్తు రాలేదు," అంది నెమ్మదిగా. "పన్నెండు మందికి వండమన్నప్పుడూ గుర్తు రాలేదు. మా సుక్రి అప్పని సూడ్డానికి కొండెక్కుతానంటేనే గుర్తొచ్చినాయా?"

నాగలక్ష్మి అన్నం వడ్డిస్తున్న గరిటె కింద పెట్టి, "అత్త ఎల్తాది," అంది.

"నేనెల్తాను. కానీ వంట దీని మీద పెట్టకండి. దానికి ఆఫీసుంది. ఇంట్లో ఇద్దరు మగోళ్ళున్నారు. నవీనూ, రేపు పొద్దున్న పొయ్యి కాడికి రా, నేర్పుతాను. బోర్డు మీద ఏటి రాసుకుంతావో నీ ఇష్టం."

శుక్రవారం తెల్లవారుతుండగా ఇద్దరు ఆడవాళ్ళూ బయల్దేరారు. పండగంటే నేనూ వస్తానని అప్పలనర్సమ్మ ఇడ్లీ బండికి సెలవిచ్చేసింది. గుమ్మం దగ్గర కొండబాబు ఓ వెదురు కర్ర రత్నాలు చేతిలో పెట్టి, "మంచుకి రాళ్ళు జారతాయి. బేగి ఎక్కీయాలని సూడకు," అని గబుక్కున లోపలికి వెళ్ళిపోయాడు.

మొదటి గంట బాగానే సాగింది. సగం దాటాక దారి నిట్టనిలువుగా లేస్తుంది. రాతి మీద రాయి, ఒక్కోటి మోకాలెత్తు. అక్కడ కుడి మోకాలు పట్టేసింది. కాలు ముందుకీ రాదు, వెనక్కీ రాదు. కర్ర మీద వాలి పళ్ళు బిగించింది రత్నాలు.

"దిగిపోదామే వొదినా," అంది అప్పలనర్సమ్మ రొప్పుతూ. "ఇంతదాకా వచ్చినాం, అదే గొప్ప. మీ అప్పకి ఫల్గుణ సేత కబురంపుదాం."

"కాసేపు కూకో."

రాతి మీద కూర్చుని కాలు చాపి, తొడ బిగించి, వదిలి, మళ్ళీ బిగించింది. బిందుమాధవి నేర్పినట్టే. కింద లోయలో మంచు పాలు పొంగినట్టు కదులుతోంది. ఈ దారిలో తాను ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్క లేదు. పన్నెండేళ్ళప్పుడు తల మీద చింతపండు బుట్ట. పెళ్ళయ్యాక పుట్టింటికి వస్తే చంకలో పిల్లాడు, నెత్తిన బియ్యం మూట, ముందు ఖాళీ చేతులతో ఈల వేసుకుంటూ కొండబాబు. నవీన్ కడుపులో ఉన్నప్పుడు వీపున కట్టెల మోపు. ఎప్పుడూ ఎవరిదో ఒకరి బరువు. ఇవాళ చేతిలో కర్ర, సంచిలో నీళ్ళ సీసా, ఒక చీర. తన బరువు ఒక్కటే. అరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. తను ఇంత తేలికా? ఆ సంగతి తట్టగానే నవ్వొచ్చింది. పక్కనున్న అప్పలనర్సమ్మ ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. ఇద్దరు ముసలమ్మలు కొండ మధ్యలో కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు.

"అద్దదీ," అని లేచింది రత్నాలు. ఎడమ కాలు ముందు. కుడి కాలు తోడు. ఒక రాయి. ఇంకో రాయి. పది రాళ్ళకోసారి ఆగడం. వయసువాళ్ళు రెండు గంటల్లో ఎక్కే దారికి వాళ్ళకి నాలుగు గంటలు పట్టింది. పట్టనీ. చివరి మలుపు తిరిగేసరికి ఎండలో కందిచేలు, వాటి వెనక పెంకుటిళ్ళు, తుడుం డప్పుల మోత.

సుక్రి వాకిట్లో చాపేసి కందికాయలు ఒలుస్తోంది. డెబ్భై నాలుగేళ్ళు, చూపు మసక, వేళ్ళు మాత్రం వడిగా ఆడుతున్నాయి. అడుగుల చప్పుడికి తలెత్తి, "ఎవులదీ?" అంది.

"నేనేనప్పా."

వేళ్ళు ఆగిపోయాయి. సుక్రి లేచి, గాల్లో చేతులు చాచి, చెల్లెలి భుజాలు దొరికాక కిందికి తడిమింది. చేతులు, నడుము, చివరికి వంగి మోకాళ్ళు. "వీటితోటే ఎక్కీసినావా?" అంది. "వీటితోటే," అంది రత్నాలు.

పొద్దువాలుతుండగా దేవతకి కొత్తలు పెట్టి, చేతికి కొత్త కందులు పంచాక, ఆడవాళ్ళంతా నడుముల చుట్టూ చేతులేసుకుని వరసకట్టారు. సుక్రికీ అప్పలనర్సమ్మకీ మధ్య నిలబడింది రత్నాలు. మొదటి నాలుగడుగులు మోకాలు గొణిగింది. అయిదో అడుగుకి తుడుం దాన్ని మాట్లాడనివ్వలేదు. మైదానపు అప్పలనర్సమ్మ ప్రతి అడుగూ తప్పుగా వేస్తూ అందరికన్నా ఎక్కువ ఆనందపడింది. అలసినప్పుడు పక్కకొచ్చి కూర్చోవడం, ఊపిరి కుదిరాక మళ్ళీ వరసలో దూరడం. ఆగమనీ, ఆడమనీ ఎవరూ చెప్పలేదు.

రెండోసారి పక్కకొచ్చినప్పుడు ఫల్గుణ ఫోను తెచ్చిచ్చాడు. నవీన్. "అమ్మా, గెస్టులు తిన్నారు. చికెన్లో ఉప్పెక్కువైంది. నాన్న అంట్లు తోముతున్నాడు. కెలికీ కెలికీ నా చెయ్యంతా లాగేస్తోందమ్మా. నువ్వు రోజూ..." అని ఆగిపోయాడు. ఆ ఆగిన మాటని రత్నాలు పూర్తి చెయ్యలేదు. వాడే పూర్తి చేసుకోవాలి. "పడుకునే ముందు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో, బాబూ," అని ఫోను ఇచ్చేసింది.

సుక్రి పక్కకొచ్చి కూర్చుని, చెల్లెలి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఎన్ని రోజులుంతావే?" అని అడిగింది.

పెళ్ళయిన నలభై మూడేళ్ళలో ఈ ప్రశ్నకి రత్నాలు దగ్గర ఒకటే జవాబుండేది. ఆయన్నడిగి చెప్తాను. పిల్లాడు పుట్టాక, ఆయన్నీ పిల్లాణ్ణీ అడిగి చెప్తాను. రత్నాలు రెండు కాళ్ళూ బారచాపి, పాదాల వేళ్ళు ఒక్కోటీ ఆడించి చూసుకుంది.

"నా కాళ్ళనడిగి సెప్తానప్పా," అంది.