నల్ల తీగ

విమలకుమారి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. శనివారం పొద్దున్న తొమ్మిది కావస్తోంది. బల్లకు అవతల భర్త దైవాశీర్వాదం ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాడు. అది ఇప్పటికి నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ సంఘపెద్ద జోనాథనే.

అమెరికాలో, టెక్సాస్‌లోని కాపెల్ ఊళ్ళో వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘం ఈ మధ్యనే వరసగా దుకాణాలుండే ఒక స్ట్రిప్ మాల్‌లో దుకాణం అద్దెకు తీసుకుని మందిరంగా మార్చుకుంది. వెనక గదిలో బాప్తిస్మపు తొట్టి అమర్చారు. నీళ్ళు వెచ్చబెట్టే హీటరుకు కరెంటు లైను లాగింది దైవాశీర్వాదమే. రేపు ఆ తొట్టిలో జరగబోయే మొదటి బాప్తిస్మం వాళ్ళమ్మాయి ఫెబీది. నిన్న సాయంత్రం దుకాణం యజమాని వచ్చి, కొత్త లైను చూసి, సిటీ పర్మిట్ ఏదని అడిగాడు. అది ఎవరూ తీసుకోలేదు. ఊళ్ళో గుడి కట్టుకున్నట్టే ఇక్కడా తలా ఒక పని పంచుకున్నారు. ప్రభువు పనికి పర్మిట్ కావాలని ఒక్కరికీ తోచలేదు.

"తెనాలి సబ్‌స్టేషన్‌లో ఇరవయ్యారేళ్ళు చేశాను. నా పనికి ఎవడన్నా వంక పెట్టాడా?" అన్నాడు దైవాశీర్వాదం.

"నేనేమీ అనలేదుగా. చిక్కుళ్ళు ముదిరాయి అనుకుంటున్నా, అంతే," అంది విమలకుమారి.

అంతలో తలుపు తట్టి గోపాల్ వచ్చాడు. ఖమ్మం మనిషి. టెక్సాస్ వచ్చి పదిహేడేళ్ళు. మాస్టర్ ఎలక్ట్రీషియన్ లైసెన్సు ఉంది, సొంత కంపెనీ ఉంది. అతన్ని పంపింది జోనాథనే.

"వదినా, చాయ్‌ల చక్కెర వెయ్యకు. డాక్టర్ తిడుతుండు," అంటూ కూర్చున్నాడు. "అన్నా, 'ఈ పని నేను చూసిన, మంచిగుంది' అని ఓనర్‌కి రాసి నా లైసెన్స్ నంబర్ వెయ్యమంటుండు జోనాథన్. చూడకుండ ఎట్ల రాస్త?"

"వచ్చి చూడు. ఎవరొద్దన్నారు?"

"గోడ మూసేసిన్రు గద! లోపల ఏముందో నాకేం కనబడ్తది?"

"ఈ ఇంట్లో కిచెన్ లైను కూడా నేనే లాగాను. సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఓకే చేశాడు."

"ఇది నీ ఇల్లన్నా. నీ ఇంట్ల నువ్వు చేస్కోవచ్చు. నలుగురు వచ్చే షాపుల అట్ల నడవది. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ పేరు మీద పర్మిట్ తియ్యాలె, లైసెన్స్ ఉన్నోళ్ళే పని చెయ్యాలె, గోడ మూయకముందే ఇన్‌స్పెక్టర్ చూడాలె."

మెట్ల మీద కూర్చున్న ఫెబీ అడిగింది. "డాడీ ఫ్రీగా చేశాడు కదా అంకుల్. అయినా రూల్ ఉంటుందా?"

"ఫ్రీగ చేసిండని కరెంటు ఊరుకుంటదా బిడ్డా?"

ఫెబీ నవ్వింది. దైవాశీర్వాదం నవ్వలేదు.

గోపాల్ కాగితం తీశాడు. "సరే, కోప్పడకు. సోమవారం పర్మిట్‌కి నేనే పెడ్త. ఇప్పుడెట్లున్నదో గీస్కుంట, వరసగ చెప్పు."

పని మాట వచ్చేసరికి దైవాశీర్వాదం గొంతు తేలికపడింది. "ప్యానెల్లో నలుపు బ్రేకరుకి, తెలుపు న్యూట్రల్ బారుకి. అక్కణ్ణుంచి స్విచ్ బాక్సు. అందులో నలుపులు రెండూ కలిపి క్యాప్ పెట్టేశాను. తెలుపు స్విచ్‌లోకి..."

ఆగిపోయాడు. గోపాల్ పెన్ను కూడా ఆగింది.

విమలకుమారికి తీగల సంగతి తెలియదు. భర్త మొహం తెలుసు. ఆమె చేతిలోని కాయ కింద పెట్టింది.

తెనాలిలో ఆయన చేతికి అలవాటైన నల్ల తీగ న్యూట్రల్, కరెంటు తిరిగి వెళ్ళే తీగ. ఇక్కడ కరెంటు మోసేదే నల్ల తీగ; స్విచ్ తెంచాల్సిందీ దాన్నే, తెల్లదాన్ని కాదు. ఆ తేడా ఆయనకు తెలియక కాదు. ఇంట్లో కిచెన్ లైను లాగినప్పుడు పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్కో తీగా చూసి కలిపాడు. మందిరంలో ఏడెనిమిది మంది చుట్టూ నిలబడి, "మా అన్న కళ్ళు మూసుకుని చేసేస్తాడు" అని మురిసిపోతుంటే పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ప్యానెల్ దగ్గర సరిగానే చేశాడు. స్విచ్ దగ్గరికి వచ్చేసరికి ఇరవయ్యారేళ్ళ అలవాటు చేతిని లాక్కుపోయింది.

"వేస్తే వేడెక్కింది. ఆపితే ఆగింది," అన్నాడు మెల్లగా.

"ఆగుతదన్నా. స్విచ్ ఆపినా హీటర్ దాంక కరెంటు ఉంటనే ఉంటది. ఏడన్న జర లీకేజి ఉంటే నీళ్ళల్లకే వస్తది."

రేపు స్విచ్ ఆపామన్న ధైర్యంతో ముందు పాస్టరుగారు దిగుతారు. తర్వాత ఫెబీ. విమలకుమారి కూతురివైపు చూడలేకపోయింది.

గోపాల్ వెంటనే మందిరంలో ఉన్న జోనాథన్‌కు ఫోన్ చేశాడు. "ఆ హీటర్ బ్రేకర్ దించి టేప్ వెయ్. తొట్టి కాడికి ఎవ్వర్నీ పోనియ్యకు. రేపు బాప్తిస్మం వాయిదా... ఎందుకంటే, పర్మిట్ లేదు గద, అందుకే." జోనాథన్ బ్రేకర్ దించానని చెప్పేదాకా ఆగి ఫోన్ పెట్టేశాడు. "స్విచ్ ముచ్చట మన నలుగురి మధ్యనే ఉంటదన్నా. గోడ తెరిచి మొత్తం నేనే మల్ల చేస్త. పర్మిట్ లేటయిందంటే చాలు. నీ పేరు చెడదు."

భర్త సరేనంటే బాగుండునని విమలకుమారికి అనిపించింది. సంఘంలో పాస్టరుగారి తర్వాత అంత గౌరవంగా పిలిచేది ఆయన్నే. ఇక్కడ వారమంతా గిడ్డంగిలో పెట్టెలు మోసే మనిషికి ఆదివారం నాడు దొరికే గౌరవం అదొక్కటే.

"మరి రాధారాణి ఆంటీ కొత్త బ్యూటీ పార్లర్?" అంది ఫెబీ. "నెక్స్ట్ వీక్ అక్కడ నువ్వే వైరింగ్ చేస్తానన్నావు కదా డాడీ. వాళ్ళకి ఈ స్విచ్ సంగతి తెలియదు కదా."

దైవాశీర్వాదం లేచి పైకి వెళ్ళాడు. దిగి వచ్చేటప్పుడు ఒంటి మీద ఆరాధనకు వేసుకునే తెల్లచొక్కా ఉంది. శనివారం పదింటికి మందిరంలో ఉపవాస ప్రార్థన. ఎవరి సాక్ష్యం వాళ్ళు, చేసిన తప్పులతో సహా, అందరి ముందూ లేచి చెప్పుకుంటారు. అందరూ వస్తారు, రాధారాణి కూడా.

గోపాల్ ఆయన్ని ఆపబోయి, విమలకుమారి తల అడ్డంగా ఊపడం చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తలుపు పక్కన పనిముట్ల సంచి ఉంది. దైవాశీర్వాదం దాన్ని ముట్టుకోలేదు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.