ముత్యాలగెడ్డ తూము తలుపు

నేను ఒక ఇనుప తలుపును. ఇంటికి కాదు, ఏటికి. విశాఖలో ఎక్కడో కొలిమిలో పుట్టి, లారీ ఎక్కి వచ్చి, ముత్యాలగెడ్డ ఆనకట్ట తూములో నిలబడ్డాను. నన్ను దించిన రోజు పైఊరి ఆడవాళ్లు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చారు. ఆ తర్వాత ఏటా అదే మర్యాద. దారికి అడ్డం నిలబడ్డవాడికి పూజలు చేయడం మనుషులకే చెల్లింది.

గేటు చూసుకునే లస్కరు తవుడికి నేనంటే ప్రాణం. చుక్క నీరు కారినా ఊరుకునేవాడు కాదు. ఎండుగడ్డి, బంకమన్ను కలిపి నా అంచుల్లో కూరేవాడు. రైతులు శభాష్ అనేవారు. దిగువన చేపలు పట్టుకుని బతికే పోలమ్మ మాత్రం మమ్మల్నిద్దర్నీ కలిపి తిట్టేది. తొలి వరదకు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే పరిగె చేపలు నాకు కొట్టుకుని చచ్చిపోయేవి మరి.

చివరికి ఆనకట్ట వెనక ఇసుక మేటవేసింది. పొలాలకు నీళ్లు అందడం మానేశాయి. కట్ట తీసేసి గెడ్డను దాని దారిన వదిలేయమని హుకుం వచ్చింది. ముందు నన్ను ఎత్తి, మడుగు ఖాళీ చేస్తేనే యంత్రం దిగుతుందట. బతికాననుకున్నాను. తవుడు చక్రం తిప్పాడు. నేను కదల్లేదు. ఏళ్ల తరబడి కూరిన మన్నూ గడ్డీ నా తుప్పుతో కలిసి రాయైపోయాయి.

ఇంతలో కొండల్లో వాన పడింది. నీళ్లు కట్ట మీంచి దూకుతున్నాయి. పోలమ్మ గునపం పట్టుకుని నా ముందుకు దిగింది.

"ఈ ఏడు కూడా సేపలెక్కకపోతే గెడ్డలో ఇత్తనం మిగల్దురా తవుడూ! నీ సేత్తోనే కూరావు, నీ సేత్తోనే పీకు!"

"పీకుతున్నానప్పా, రాట్లేదు!" అంటూ తవుడు ఏడ్చేశాడు.

గోళ్లు ఊడేలా గీకారు ఇద్దరూ. వాళ్ల కాళ్ల మధ్య పరిగెలు వచ్చి నాకు టపటపా తగులుతున్నాయి. విరిగిపోవాలని ఎంత కోరుకున్నానో! నన్ను అంత గట్టిగా పోతపోసినవాణ్ణి నోరారా తిట్టుకున్నాను. సాయంత్రానికి ఆ చప్పుడు పలచబడింది. తర్వాత ఆగిపోయింది.

వరద తీశాక గ్యాస్ కట్టర్ తెచ్చి నన్ను కోసేశారు. ఆ తెచ్చేదేదో నాలుగు రోజుల ముందు తేవచ్చు. కట్ట కూలింది, గెడ్డ పారింది. పోలమ్మ వల వేస్తే ఆకులు వచ్చాయి.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో ఉన్నాను. కొట్టువాడు నా పొట్ట నిండా అంటుకుని ఎండిన పచ్చటి పొక్కుల్ని చూశాడు.

"ఎన్నేళ్ల పూజో, పసుపింకా వదల్లేదు" అంటూ రేకుముక్కతో గీకేశాడు.

అది పసుపు కాదు. పైకి ఎక్కలేక పరిగెలు నా మీదే పెట్టిపోయిన గుడ్లు.